పేపరు వాటా

పలాస ఆసుపత్రిలో రక్తపరీక్ష కాగితం కోసం కూర్చున్నాను. ఉద్దానం మనుషులతో పాటు ఈ వయసులో నాకూ అక్కడ ఒక కుర్చీ అలవాటైంది. నర్సు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తోంది. ఒక పేరుకి ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. గోడవార నేల మీద కూర్చున్న ఒకావిడ తల ఎత్తకుండానే "ఉన్నాడు" అంది.

ఆవిడ భర్త బయట కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు, నర్సు చేతిలోంచి కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు. జరిగింది అంతే. నేను మాత్రం ఆవిడ వైపు తిరిగి చూశాను. ఆ మాటని అలా చివర కొంచెం సాగదీసి, అడిగినవాళ్ళ కోసం కాకుండా ఇంకెవరికో వినపడాలన్నట్టు పలికే ఊరు నాకు తెలిసి ఒక్కటే ఉంది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరే చెప్పింది.

"పేపరప్ప బాగుందా?"

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. "నువ్వు ఇలేకరి బాబువి గదేటి. జుత్తు తెల్లబడిపోనాది, పోల్సలేకపోన్ను. అప్ప పోనాది బాబూ. జీడిపిక్కలు రాలే రోజుల్లో పోనాది. ఆలింటి పక్కిల్లే మాది. ఇప్పుడు పేపరు కట్ట నానే దించుతన్నాను."

ఆ ముసలామెకి ఒక పేరు ఉండే ఉంటుంది. నేనెప్పుడూ అడగలేదు. అన్ని పేర్లు పిలిచిన మనిషిని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఊరంతా పేపరప్ప అనేవారు. ఆమెని తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ఆడవాళ్ళకి అది వింత కాదు గానీ, ఆమె అలా కాలుస్తూనే మాట్లాడేది. నిప్పు కనపడదు. పెదాల మధ్య నుంచి సన్నగా పొగ మాత్రం వస్తుంటుంది, దాంతో పాటే మాటలూ వస్తుంటాయి. లోపలెక్కడో ఒక పొయ్యి ఆరకుండా ఉందనిపించేది.

పలాస నుంచి వచ్చే బస్సు ఊళ్ళోకి వెళ్ళదు. రోడ్డు మలుపులో మొగలి డొంక దగ్గర ఆగుతుంది. అక్కడ నిలబడి ఉండేది. కండక్టరు కట్టని అందిస్తే ముందు చేతులకి ఇసుక రుద్దుకుని, చెంగుతో తుడుచుకుని, అప్పుడు తీసుకునేది. చేపల గంపని నడుం మీద పెట్టుకుని మోసే మనిషి పేపరు కట్టని మాత్రం తలకెత్తుకునేది. "అచ్చరం నడుం మీద ఎట్టకూడదు బాబూ" అనేది. ఆమెకి చదువు రాదు. పేర్లు మాత్రం చదవగలదు. వార్తలు ఎందుకు చదవవు అప్పా అంటే, "ఊళ్ళో ఏటైందో నాకు మునుపే తెలుసు. పేపర్లో కొత్తగా ఏటుంటాది" అనేది.

మాది చిన్న పత్రిక. టెక్కలిలో ఒక పెద్ద పేపరుకి చాలా ఏళ్ళు పనిచేసి బయటికొచ్చాక నేను అందులో చేరాను. కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీల వెనక సందులో మా ప్రెస్సు. పేపరు తెరిస్తే సిరా వాసన కంటే ముందు కాలిన జీడితొక్క వాసన వచ్చేది. దాన్ని నడిపే ఆయన మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. పెళ్ళి కార్డులూ, చర్చి క్యాలెండర్లూ అచ్చువేసిన డబ్బుతో పత్రిక నడిపేవారు. కిడ్నీ జబ్బు గురించి, ఏ ఊళ్ళో ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో, డయాలసిస్‌కి పోయే బండి ఏ ఊళ్ళో ఆగకుండా పోతోందో పెద్ద పేపర్ల వాళ్ళు జిల్లా పేజీలో ఒక మూల వేసే రోజుల్లో మేం మొదటి పేజీలో వేసేవాళ్ళం. ఆ వార్తలు చదవడానికి జనం ఉన్నారు. కొనడానికి మాత్రం తగ్గిపోయారు. ఫోన్లు వచ్చాక మరీ తగ్గిపోయారు. రోజు విడిచి రోజు వచ్చే పేపరు వారానికి ఒకసారి అయింది.

అన్ని ఊళ్ళల్లో కాపీలు పడిపోతుంటే ఆ ఒక్క ఊళ్ళో మాత్రం పడిపోలేదు. అది మాస్టారికి అర్థం కాలేదు. ఆ ఊరితో ఇంకో తిరకాసు కూడా ఉంది. మిగతా ఏజెంట్లకి కట్ట మీద ఒక్క పేరు రాస్తే చాలు. పేపరప్పకి ప్రతి కాపీ మీదా ఎవరిదో వాళ్ళ పేరు, తండ్రి పేరుతో సహా, చేత్తో రాసి పంపాలి. పేరు లేని కాపీ వెళ్తే తిరుగు బస్సులో వెనక్కి వచ్చేసేది. "పేరు లేని కాయితం ఎవులికిద్దును?" అని కండక్టరుతో చెప్పి పంపేది. మాస్టారే కూర్చుని బడిపంతులు దస్తూరీతో గుండ్రంగా రాసేవారు.

"ఒకసారి వెళ్ళి చూసి రా. అంతమంది చదువుతున్నారంటే వాళ్ళ చేత మన పేపరు గురించి నాలుగు మాటలు చెప్పించుకుని రా. మిగతా ఊళ్ళకి బుద్ధి వస్తుంది" అన్నారు.

నేను వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకి చేరి చేపల వేలంపాట సాగుతోంది. ఎండ సూటిగా ఉంది. సముద్రం మీద ఉప్పు మసక. కవ్వళ్ళ చేపలు కుప్పలు పోసి వాటాలు వేస్తున్నారు. పడవకి ఒక వాటా, వలకి ఒక వాటా, మనుషులకి తలో వాటా. ఇవి ఏ ఒడ్డునైనా వేస్తారు. ఇక్కడ వాటన్నిటికీ దూరంగా, తడి ఇసుక అంచున, ఒక చిన్న కుప్ప విడిగా పోశారు.

"అదెవరిది?" అన్నాను.

"పేపరు వాటా" అంది ఒకామె తట్ట సర్దుకుంటూ. "పడవకో గుప్పెడు అందరూ ఏత్తారు. మీ పేపరు డబ్బులు దాన్లోంచే."

ఇంకొకామె నన్ను ఎగాదిగా చూసి, "ఇలేకరి బాబు రేట్లు రాసుకుంటన్నాడే. రేపు పేపర్లో సూసి మారుబేరగాడు ఒడ్డుకి రాడు, మనమే వొండుకు తినాల" అంది. అందరూ నవ్వారు. అంతలోనే నవ్వు ఆపేశారు. పేపరప్ప వచ్చి ఆ చిన్న కుప్పకి ఎడంగా గొంతుక్కూర్చుంది.

మిగతా కుప్పల మీద కాకి వాలితే అరిచి, ఇసుక విసిరి తోలుతున్నారు. ఈ కుప్ప దగ్గర మాత్రం ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఒక కాకి ఎగిరి వచ్చింది. కొంచెం దూరంలో నడిచింది. కుప్ప దగ్గరికి వచ్చి ఒక చేపని ముక్కుతో కదిపి, పట్టుకుని ఎగిరిపోయింది. పేపరప్ప లేచి, "ముట్టినాది. ఎత్తండి" అంది. అప్పుడే ఆ వాటా పాటకి వెళ్ళింది.

కాకి ముట్టడం ఎక్కడ చూస్తారో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. పోయినవాళ్ళకి పెట్టిన ముద్ద దగ్గర చూస్తారు. పేపరు డబ్బులకి దాంతో ఏం పని అని అనుకున్నాను గానీ అడగలేదు. వార్త కోసం వెళ్ళినవాడు మొదటి ప్రశ్న తొందరపడి అడగకూడదు.

పాట అయ్యాక ఆమె కట్ట విప్పింది. నోట్లోంచి చుట్ట తీసి ఇసుకలో గుచ్చి ఆర్పింది. జనం చుట్టూ కూర్చున్నారు. ఆమె ఎవరి మొహం చూడదు. సముద్రం వైపు చూస్తూ, ప్రతి కాపీ మీది పేరూ, తండ్రి పేరూ కలిపి పిలుస్తుంది. ఆ మనిషి అక్కడే ఉంటే "నానే" అని వచ్చి తీసుకుంటాడు. లేకపోతే గుంపులోంచి ఒక ఆడగొంతో ముసలిగొంతో "ఉన్నాడు" అంటుంది. ఆ గొంతు మనిషే వచ్చి కాపీ తీసుకుంటుంది. ఇంటి దగ్గర ఉన్నాడు కాబోలు అనుకున్నాను. వింటుండగా "నానే"లు తక్కువా, "ఉన్నాడు"లు ఎక్కువా అనిపించింది. పని రోజు కదా, మగవాళ్ళు అలిసిపోయి పడుకుని ఉంటారనుకున్నాను.

చివరి కాపీ దగ్గర ఆమె ఒక పని చేసింది. ఆ కాపీని దగ్గరున్నామె చేతిలో పెట్టి, "ఇది నువ్వు పిలు" అని తను వెళ్ళి గుంపులో కూర్చుంది. అవతలామె ఒక కుర్రవాడి పేరు పిలిచింది. పేపరప్ప గుంపులోంచి "ఉన్నాడు" అంది. లేచి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుని, తను అంతసేపూ మోసిన కట్టలోని కాగితాన్నే పరాయిదానిలా అందుకుంది. పిలిచిన నోరు పలకకూడదట. అది ఆమె పెట్టిన కట్టుబాటే.

"ఉన్నాడు" అన్న ఒకామె వెనకే నడిచాను. వాళ్ళాయనతో పేపరు గురించి నాలుగు మాటలు రాసుకుందామని చెప్పాను. "రా బాబూ, కూకో. సదివినాక మాటాడుదువు" అంది. అరుగు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వాకిలి వైపు తిప్పి ఉంది. ఆవిడ పేపరు విప్పి ఆ కుర్చీలో పెట్టింది. ఎగరకుండా మీద ఒక కళ్ళజోడు పెట్టింది. పక్కన గ్లాసుతో టీ పెట్టి, తను గడప మీద కూర్చుని నెత్తళ్ళ చేపలు ఏరడం మొదలుపెట్టింది.

నేను కూర్చున్నాను. లోపల్నుంచి ఎవరో వస్తారని చూస్తున్నాను. కొబ్బరాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. గాలికి ఒక పేజీ లేచి, కొంచెంసేపు అలాగే నిలబడి, అవతలికి పడింది. ఆవిడ తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది. అప్పుడు నా కళ్ళు లోపలి గోడ మీదికి వెళ్ళాయి. పటం, దండ, పక్కనే డయాలసిస్ చీటీల సంచి ఇంకా మేకుకి వేలాడుతోంది. పటంలో మనిషికి కుర్చీలోని కళ్ళజోడే ఉంది.

లేచి వెళ్ళిపోవాలని అనిపించలేదు. మధ్యలో లేస్తే ఎవరికో అడ్డం వచ్చినట్టవుతుందనిపించింది. చాలాసేపయ్యాక ఆవిడ చేతులు దులుపుకుని లేచి పేపరు మడిచింది. "సదివేసినాడు" అని పక్కింటికి పిలిచి ఇచ్చింది. వాళ్ళు మామూలుగా తీసుకుని చదువుకున్నారు.

"చదివేశాడని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"తెలస్తాది. కూకుంటే నీకూ తెలస్తాది" అంది.

పేపరప్పని మొగలి డొంక దగ్గర మళ్ళీ కలిశాను. బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. ఆమె నోట్లో పొగ మళ్ళీ మొదలైంది. అడక్కుండానే చెప్పింది. చివరి కాపీ ఆమె కొడుకుది. వేటకి వెళ్ళి రాలేదు. మనిషీ రాలేదు, పడవ చెక్కా రాలేదు. చాలా ఏళ్ళయింది. ఒడ్డుకి రాలేదు కాబట్టి ఆమె పిండం పెట్టనివ్వలేదు. మొదట్లో పేపరు కొడుకే తెప్పించుకునేవాడు. వాడు పోయాక కూడా వస్తుంటే ఆమె ఆపలేదు. అది చూసి తక్కిన ఇళ్ళవాళ్ళూ తమలో పోయినవాళ్ళ పేపరు ఆపడం మానేశారు.

"రేసను కార్డులో పేరు కొట్టీసినారు. ఓట్లకాడ కొట్టీసినారు. అవును, మనిసి లేడు గదా, కొట్టీక ఏటి సేత్తారు. మీ కాయితం మీదొకటే ఉంది బాబూ వోడి పేరు. వారానికోపాలి ఎవులో ఒకలు వోడిని పేరెట్టి పిలుత్తారు." కొంచెం ఆగి, "సముద్రానికి పేర్లు తెలవ్వు. తెలిస్తే ఇచ్చెయ్యదేటి. అందుకే పిలుత్తన్నాను" అంది. బాధపడుతున్న మనిషిలా లేదు. బస్సు ఎన్నింటికి వస్తుందో చెబుతున్నట్టే ఉంది.

ఈ సంగతి చెబితే మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఇంతకాలం నేను రాసిన పేర్లు పోయినవాళ్ళవా" అన్నారు. మళ్ళీ తనే, "పునరుత్థానం దాకా చందా కట్టే విశ్వాసులు మా సంఘంలో కూడా లేరయ్యా" అన్నారు. ఆ వారం కూడా పేర్లు ఆయనే రాశారు. కొంచెం నెమ్మదిగా రాశారు.

తర్వాత పెద్ద తుఫాను వచ్చింది. కొబ్బరి చెట్లు పడిపోయాయి, జీడితోటలు పోయాయి, ఉన్న కాస్త ప్రకటనలూ పోయాయి. మా ప్రెస్సు రేకులు ఎగిరి కాగితం రీళ్ళు తడిసిపోయాయి. మాస్టారు పత్రిక ఆపేద్దామన్నారు. "అన్ని ఊళ్ళకీ కబురు చాలు. ఆ ఒక్క ఊరికి మాత్రం నువ్వు వెళ్ళి చెప్పు. ఆవిడకి మనిషి నోటితో చెప్పాలి" అన్నారు.

కట్ట లేకుండా ఒట్టి చేతులతో వెళ్ళాను. ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఫోను కూడా చెయ్యలేదు. ఒడ్డున పడవలు కొన్నే మిగిలాయి. పాట అయిపోయింది. జనం ఇళ్ళకి వెళ్ళకుండా అలాగే నిలబడి ఉన్నారు. తడి ఇసుక అంచున చిన్న కుప్ప అలాగే ఉంది. కాకులు లేక కాదు. దగ్గర్లోని పడవ అంచు మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. ఒక్కటీ దిగడం లేదు. చేపల కళ్ళు ఎండకి తెల్లబడిపోయాయి. ఎన్నో ఒడ్లు తిరిగాను గానీ చేపలు ముందుంచుకుని కదలకుండా కూర్చున్న కాకుల్ని అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

పేపరప్ప కుప్ప పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. నోట్లో చుట్ట లేదు. నన్ను చూడకుండానే, "ఏటి, పేపరు ఆపేత్తన్నారా బాబూ?" అంది.

నేను చెప్పాల్సిన మాట ఆమే అనేసింది. కాగితం లేదనీ, రేకులు లేవనీ, మాస్టారి ఒంట్లో ఓపిక లేదనీ చెప్పాను. గుంపులో ఎవరూ గొడవ పెట్టలేదు. ఒక ముసలాయన, పడవ పోగొట్టుకున్నవాడే, "పెద్ద కాయితం అక్కర్నేదు. చిన్నదెయ్యండి. ఒక్క అర ఠావైనా సాలు" అన్నాడు. ఇంకొకాయన, "వార్తలు తగ్గించీండి బావా. పేర్లు రాసీ జాగా ఉంటే సాలు" అన్నాడు. ఎవరో చిన్నగా నవ్వారు.

పేపరప్ప లేచింది. చేతిలో కట్ట లేదు. అయినా చెంగుతో చేతులు తుడుచుకుని సముద్రం వైపు తిరిగి పిలవడం మొదలుపెట్టింది. కాగితం లేకుండానే ఒక్కొక్క పేరూ, తండ్రి పేరూ. "ఉన్నాడు", "ఉన్నాడు" అని గుంపులోంచి గొంతులు లేస్తున్నాయి. తుఫాను మర్నాటి నుంచీ తీరం ఊళ్ళల్లో ఏడుపులు విన్నాను గానీ, ఇంత నిబ్బరంగా అంతమంది ఒక మాట అనడం వినలేదు. చివరి పేరు దగ్గర ఆగి, పక్కామెని పిలవమని సైగ చేసి, వెళ్ళి గుంపులో కూర్చుంది. ఆవిడ పిలిచింది. పేపరప్ప "ఉన్నాడు" అంది. ఇవ్వడానికి కాపీ లేక పిలిచినామె చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. పేపరప్ప వాటి ముందు తన చేతులు పట్టి నిలబడింది. దించలేదు.

సాయంత్రం కాశీబుగ్గలో మాస్టారు నన్ను ఒక్కటే అడిగారు. "చదివేవాళ్ళు ఉన్నారా అసలు?"

"ఉన్నారు" అన్నాను. నా నోట్లో కూడా ఆ మాట చివర కొంచెం సాగింది.

పత్రిక ఆగలేదు. అర ఠావు మీద వచ్చింది. ఆ ఊరి కబురు తీరం వెంట పాకింది. జలంత్రకోట కొబ్బరి రైతులు మిగిలిన చెట్ల కాపులో పేపరు వాటా తీసి బస్తాలతో పంపారు. కాశీబుగ్గ బట్టీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు తలా కాస్త వేసుకుని ప్రెస్సుకి రేకులు వేయించారు. వాళ్ళెవరూ పోయినవాళ్ళ పేర్లు అడగలేదు. వాటా అన్న మాట ఒక్కటే నేర్చుకున్నారు. ఆ తర్వాత ఒడ్డుకి వెళ్ళిన రోజున కాకి ముట్టడం నేను చూశాను. పేపరప్ప నా వైపు తిరిగి, "సూసినావా, ఆకలేసింది ఆల్లకి" అంది. ఆల్లకి అంటే కాకులకో, ఎవరికో చెప్పలేదు.

నా ఆరోగ్యం బాగోలేక పత్రిక మానేసి టెక్కలిలో ఉండిపోయాక అటు వెళ్ళడం పడలేదు. ఇదిగో, ఇప్పుడు ఆసుపత్రిలో ఈ కబురు.

"మరి ఆమె కొడుకు పేరు?" అని ఆ పక్కింటావిడని అడిగాను.

ఆవిడ చీర అంచు వేలికి చుట్టుకుంది. "అదే బాబూ సిక్కొచ్చింది. నానే పిలుత్తన్నాను గాబట్టి నాను పలక్కూడదు. ఇంకెవులూ పలకరు. ఒడ్డుకి రానోడికి పలికితే సముద్రం మన గొంతు గుర్తెట్టుకుంటాదని బయం. మా అందరి పిల్లలూ ఏటకెల్లేవోలే గదా. మా ఇంటాయనకి సూత్తే ఒంట్లో ఇలగుంది, ఆయన్నేటని అనమందును. తల్లి గనక అప్ప పలికింది. ఈ వారం కూడా ఎవులూ పలక్కపోతే మాస్టారికి కబురెడతాం, ఆ పేరు రాయొద్దని. అదీ అప్ప ఎట్టిన కట్టుబాటే. పలికీ నోరు లేని పేరు పిలవకూడదంది."

నాకు వేటకెళ్ళే పిల్లలు లేరు. నా గొంతు గుర్తు పెట్టుకుని సముద్రం చేసుకునేదీ లేదు. పేపరు రోజు ఏదో అడిగాను.

అదే బస్సు, అదే మలుపు. మొగలి డొంక కొంచెం పెరిగింది. ఒడ్డున చిన్న కుప్ప ఉంది. కాకులు పడవ మీద ఉన్నాయి. దిగలేదు. పక్కింటావిడ చుట్టూ జనం తగ్గారు. పేపరు కూడా పల్చబడింది. పేర్లు మాత్రం మాస్టారు రాసినవే, వణుకుతున్న గుండ్రటి అక్షరాలు. ఆవిడ పిలుస్తోంది. నాకు తెలిసిన మనుషులు కొందరు అప్పుడు "నానే" అన్నవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ తరఫున ఇంకొకరు "ఉన్నాడు" అంటున్నారు. మధ్యలో ఒక ఆడపేరు వచ్చింది. నేనెప్పుడూ వినని పేరు. "ఉన్నాది" అని గుంపు మొత్తం ఒకేసారి అంది. అప్పుడు తెలిసింది పేపరప్ప పేరేమిటో. ఆమె అడగకుండానే మాస్టారు ఆమెకీ ఒక కాపీ రాశారు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆ ఒడ్డున పిలవడానికే.

చివరి కాపీ మిగిలింది. ఆవిడ కుర్రవాడి పేరు పిలిచింది. ఎవరూ కదల్లేదు. కెరటం వచ్చి వెళ్ళింది. మళ్ళీ పిలిచింది. ముసలాళ్ళు కాళ్ళ దగ్గర ఇసుక చూసుకుంటున్నారు. నేను పలుకుదామనే వచ్చాను. ఊపిరి పీల్చాను.

"ఉన్నాడు" అని వినపడింది.

నా వెనక నుంచి. నా వెనక సరుగుడు తోట తప్ప ఏమీ లేదు. నేనింకా పెదవి విప్పలేదు. అందరూ తలలు తిప్పి నన్నే చూశారు. పక్కింటావిడ నా దగ్గరికి వచ్చి కాపీ చాపింది. "మా మంచిగా పలికినావు బాబూ. అప్పలాగే పలికినావు" అంది.

నాది కాదని చెప్పలేదు. ఎవరన్నారో తేల్చుకోకుండా ఒక్క మాటనీ అచ్చుకి పంపని పనిలో బతికాను. ఈ ఒక్క మాట ఎవరి పేరున రాయాలో నాకిప్పటికీ తెలియదు. ఇసుకతో చేతులు రుద్దుకుని, తుడుచుకుని, కాపీ అందుకున్నాను. వెనక రెక్కల చప్పుడైంది. "ముట్టినాది. ఎత్తండి" అన్నారెవరో.

పేపరప్ప ఇల్లు తాళం వేసి ఉంది. అరుగు ఎవరో ఊడ్చి ఉంచారు. కుర్చీ లేదు. పేపరు అరుగు మీద విప్పి పెట్టి, ఎగరకుండా ఒక గవ్వ పెట్టాను. పక్కన కూర్చున్నాను. ఎండ అరుగు మీదికి ఎక్కుతోంది. గాలి ఆగిపోయింది. ఒక్క కొబ్బరాకు కూడా కదలడం లేదు. అయినా మొదటి పేజీ లేచింది. కొంచెంసేపు నిలబడింది. అవతలికి వాలింది. రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. లేవలేదు. లేవకూడదనిపించింది. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు కూడా విన్నాను.

తర్వాత ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. ఒక సమయంలో లేచాను. గవ్వ తీసి, పేపరు మడిచి, పక్కింటికి వెళ్ళాను. ఆసుపత్రిలో చూసిన మనిషే, పక్కింటావిడ భర్త, మంచం మీద లేచి కూర్చుని చెయ్యి చాపాడు.

"సదివేసినాడా?" అని అడిగాడు.

"చదివేశాడు" అన్నాను.